పాత ష్విన్‌కు ఇంజను బిగించే ముందు

ప్రశ్న: మేము ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాము. మొన్న వేసవిలో ఒక ఇంటి ముందు పాత సామాను అమ్ముతుంటే ష్విన్ క్రూయిజర్ సైకిల్ కనిపించింది. 1950ల నాటిదని, తమ తాతగారిదని చెప్పి అరవై డాలర్లకు ఇచ్చారు. లావు టైర్లు, వంపు తిరిగిన గొట్టాలు, మధ్యలో పెట్రోలు ట్యాంకులాంటి డబ్బా. చూడగానే నరసరావుపేటలో మా నాన్నగారు నడిపిన లూనా మోపెడ్ గుర్తుకొచ్చింది. "80 సీసీ" టూ-స్ట్రోక్ ఇంజను కిట్టు తెప్పించాను, పెట్టె ఇంకా విప్పలేదు. ఏడు మైళ్ళ దూరంలోని ఆఫీసుకు దీని మీదే వెళ్ళాలని ఉంది. కింది గొట్టానికి రంధ్రం వేసి ఇంజను ముందు భాగాన్ని బిగించాలని ఎక్కడో చదివాను, వేయవచ్చా? పెడళ్ళు వెనక్కి తొక్కితే పడే పాత బ్రేకు సరిపోతుందా? మధ్యలో ఉన్న డబ్బాలో పెట్రోలు పోసుకోవచ్చా? మా ఆవిడ ఈ పని వద్దే వద్దంటోంది. ఆమెకు ఏమి చెప్పాలి?

జవాబు: ముందు మీ చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు. రంధ్రం వేయవద్దు. పాత బ్రేకు ఒక్కటే సరిపోదు. డబ్బాలో పెట్రోలు పోయవద్దు. ఆ కిట్టు పెట్టె విప్పకుండానే వాపసు పంపండి. ఇన్ని వద్దులు విని నిరుత్సాహపడకండి. పాత సైకిల్‌కు ఇంజను బిగించి నడపడం నాకు ఎంతో ఇష్టమైన పని, ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను. మీరూ చేయాలనే కోరుకుంటున్నాను. అయితే మీరు మొదలుపెట్టాల్సింది ఇంజను దగ్గర కాదు. అది అన్నింటికన్నా చివర వచ్చే వస్తువు, చెడితే వారంలో ఇంకొకటి తెప్పించుకోవచ్చు. డెబ్బై ఏళ్ళ ఆ ఫ్రేము మాత్రం పాడైతే మళ్ళీ దొరకదు.

షికాగోలో 1895లో మొదలైన ష్విన్ కంపెనీ 1933లో రెండంగుళాలకు పైగా వెడల్పున్న బెలూన్ టైర్లను అమెరికా సైకిల్‌కు తెచ్చింది. ఆ లావు టైర్ల చుట్టూ పెరిగిన బండే క్రూయిజర్. దానికి మోటారు బిగించాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. 1939లో లాస్ ఏంజెలెస్‌లో విజ్జర్ అనే ఇంజను కిట్టు బయటికి వచ్చింది. ఫోర్-స్ట్రోక్, 138 సీసీ. యుద్ధం తర్వాత మిషిగన్‌లోని పాంటియాక్ నుంచి అది చాలా అమ్ముడైంది. ష్విన్ ఏమి చేసిందో గమనించండి. విజ్జర్ కోసం ప్రత్యేకంగా గట్టి ఫ్రేములు తయారు చేసింది. మామూలు సైకిల్‌కూ మోటారు మోసే సైకిల్‌కూ తేడా ఉండాలని ఆ కంపెనీకి అప్పుడే తెలుసు. మీ నాన్నగారి లూనా విషయమూ అంతే. 1972లో వచ్చిన ఆ బండికి పెడళ్ళు ఉన్నా, దాని ఫ్రేమునూ చక్రాలనూ ఇంజను కోసమే రూపొందించారు. రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు ఉండేవి. మీ చేతిలో ఉన్నది మనిషి కాళ్ళ బలం కోసం చేసిన బండి. దానిని లూనాతో సమానంగా నిలబెట్టే బాధ్యత ఇప్పుడు మీది.

ఈ వారం ఫ్రేమును చూడండి. మడ్‌గార్డులు, చక్రాలు, పెడళ్ళు తగిలించే క్రాంకు విప్పి పక్కన పెట్టండి. విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, సంచిలో వేసి చీటీ అంటించండి. తర్వాత నూలుదారం ఒకటి తీసుకోండి. వెనుక ఇరుసు కూర్చునే ఎడమ గాడికి ఒక కొస కట్టి, దారాన్ని ముందున్న హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, కుడి గాడి దగ్గరికి తెచ్చి బిగువుగా కట్టండి. ఇప్పుడు సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పరవాలేదు. అంతకు మించితే పాత సైకిళ్ళు బాగుచేసే దుకాణంలో చూపించాలి. వెనుక గాడులు వంకరగా ఉంటే ఇంజను గొలుసు ఎప్పటికీ తిన్నగా నడవదు. గొలుసు వంకరగా నడిచిన మోటారు సైకిల్ ఏమి చేస్తుందో నాకు అనుభవమే, అది కింద చెబుతాను.

హ్యాండిల్ గొట్టానికి కింది గొట్టం అతికిన చోటును టార్చి వేసి చూడండి. అక్కడ రంగు సన్నగా గీతలా పగిలి, గీతలోంచి తుప్పు కారుతూ ఉంటే ఆ ఫ్రేముకు ఇంజను వద్దు. పైన రంగు మీద కనిపించే తుప్పు కంటే క్రాంకు గొట్టం లోపలి తుప్పు ప్రమాదం. నీళ్ళు దిగి నిలిచేది అక్కడే. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు కాళ్ళు వెనక్కి నొక్కుకుపోయినట్టు కనిపిస్తే ఎప్పుడో దేనినో ఢీకొన్నదని అర్థం. రంగు గీకాలనిపిస్తే ఆగండి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది, అమెరికాలో ఇళ్ళ రంగుల్లోనూ వాడుక వస్తువుల రంగుల్లోనూ సీసాన్ని నిషేధించింది 1978లో. పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లలున్న ఇంట్లో ఉండకూడదు. పైగా అసలు రంగు ఎంత వెలిసినా కొత్త రంగు కంటే దానికే విలువ ఎక్కువ. తడిగుడ్డతో తుడిచి మైనం పట్టిస్తే చాలు.

ఇక ఆ రంధ్రం సంగతి. ఈ కిట్టులోని ఇంజనుకు ముందొకటి, వెనుకొకటి పట్లు ఉంటాయి. వెనుక పట్టు సీటు గొట్టాన్ని పట్టుకుంటుంది, ముందు పట్టు కింది గొట్టాన్ని. క్రూయిజర్‌లో ఆ రెండు గొట్టాల మధ్య కోణం విశాలంగా ఉంటుంది కాబట్టి వెనుక పట్టు సరిగ్గా కూర్చుంటే ముందు పట్టు అందదు. అప్పుడు కింది గొట్టంలో రంధ్రం చేసి పొడవాటి బోల్టు దూర్చమని కొందరు చెబుతారు. ఆ గొట్టం గోడ చాలా పలచన. అక్కడ రంధ్రం పడితే నిమిషానికి వేలసార్లు అదిరే ఇంజను బరువంతా ఆ అంచు మీద పడుతుంది. రంధ్రం దగ్గర మొదలైన పగులు గొట్టం చుట్టూ తిరిగి, ఒకరోజు హ్యాండిల్ మీ చేతిలోకి వస్తుంది. దీనికి బదులు మందమైన ఉక్కు పలకతో ఒక పొడిగింపు చేయించి, గొట్టాన్ని చుట్టి పట్టుకునే రెండు ముక్కల బిగింపుతో కట్టండి. గొట్టం వ్యాసానికి సరిపోయే బిగింపే కొనండి. సాదా ట్యూబు ముక్క ఒక్క పొర వేస్తే రంగు గీరుకోదు. మందపాటి రబ్బరు మాత్రం పెట్టవద్దు. మెత్తగా ఉంటే అదురు తగ్గుతుందని అనిపిస్తుంది గాని, ఇంజను కదలడానికి చోటు దొరికి, దానిని పట్టుకునే తల లేని బోల్టులు, అంటే స్టడ్లు, విరుగుతాయి. కిట్టుతో వచ్చే స్టడ్లు, నట్లు మెత్తని ఇనుముతో చేసినవి. 8.8 గ్రేడు గట్టి ఉక్కు బోల్టులు, లోపల నైలాన్ వలయం ఉన్న నట్లు కొని మార్చండి.

బ్రేకుల సంగతికి వస్తున్నాను, ఇక్కడ నన్ను కాస్త వివరంగా చెప్పనివ్వండి. మీరు తొక్కితే ఆ సైకిల్ గంటకు 12 మైళ్ళు పోతుంది. ఇంజనుతో 30 మైళ్ళు పోతే వేగం రెండున్నర రెట్లు పెరిగింది. బ్రేకు మింగాల్సిన శక్తి మాత్రం ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. వెనక్కి తొక్కే బ్రేకు చక్రం నడుమ ఉండే హబ్బు లోపల, గ్రీజు మధ్యలో ఉంటుంది. పల్లంలో రెండు మూడుసార్లు గట్టిగా పట్టిస్తే గ్రీజు కాలి పొగ వస్తుంది. తర్వాత పట్టు జారుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రం తేలికవుతుంది. వెనుక బ్రేకు ఎంత మంచిదైనా చక్రం జారుతుందే తప్ప బండి త్వరగా ఆగదు. ఆపేది ముందు బ్రేకే. మీ సైకిల్‌కు ముందు బ్రేకు లేదని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది.

రిమ్ముకు రుద్దుకునే బ్రేకు ఒకటి తగిలించి సరిపెట్టుకోకండి. మెరిసే ఉక్కు రిమ్ము వాన పడితే సబ్బు రాసినట్టు జారుతుంది. ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకు హబ్బు పెట్టించండి. స్టర్మీ-ఆర్చర్ వాళ్ళ 90 మిల్లీమీటర్ల డ్రమ్ము హబ్బు ఇలాంటి బండికి చక్కగా సరిపోతుంది. హబ్బు పక్కన చేయిలా పొడుచుకొచ్చిన కమ్మీని ఫోర్కు కాలికి పట్టీతో గట్టిగా కట్టాలి, లేకపోతే బ్రేకు వేయగానే ఇరుసే తిరుగుతుంది. ఇప్పటి హబ్బులకు ఫోర్కు కాళ్ళ మధ్య 100 మిల్లీమీటర్లు కావాలి. పాత అమెరికన్ ఫోర్కులు కొంచెం ఇరుకు, ఇరుసు గాడి కూడా సన్నన. అసలు ఫోర్కును వంచి, ఆకురాయితో గాడి పెంచాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. దానిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, ఒక అంగుళం మరల ఉన్న కొత్త గట్టి ఫోర్కు కొనండి. కొనే ముందు పాతదానిని దుకాణానికి తీసుకువెళ్ళి పొడవు, మరలు పోల్చి చూడాలి. షికాగోలో చేసిన ష్విన్లలో ఫోర్కులోకి దిగే హ్యాండిల్ కాడ 21.1 మిల్లీమీటర్లు, బయట దొరికే చాలా ఫోర్కులకు కావాల్సింది 22.2. ఫోర్కు మారిస్తే కాడా మారుతుంది.

టైర్ల గురించి మీరు అడగలేదు. కానీ అందరూ డబ్బు పోగొట్టుకునేది అక్కడే కాబట్టి చెబుతున్నాను. రిమ్ము మీద "26" అని చూసి ఏదో ఒక 26 టైరు తెప్పించకండి. బెలూన్ టైరు, అంటే 26 × 2.125, కూర్చునే రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు. 1950ల మధ్యలో ష్విన్ తెచ్చిన సన్నటి 26 × 1¾ టైరుకు 571. పన్నెండు మిల్లీమీటర్ల తేడా వల్ల ఒకదాని టైరు ఇంకొకదానికి ఎక్కదు. మీ పాత టైరు పక్కన అచ్చు ఇంకా కనిపిస్తూ ఉంటే చదవండి. బండి వయసు తెలియాలంటే వెనుక ఎడమ గాడి దగ్గర అంకెలు వెతకండి. సుమారు 1952 నుంచి 1970 వరకు ష్విన్ నంబరు అక్కడే కొట్టేది.

చక్రాల చువ్వలు సైకిల్‌కు మామూలుగా 14 గేజివి, అంటే 2 మిల్లీమీటర్ల మందం. వెనుక చక్రాన్ని 12 గేజి, 2.6 మిల్లీమీటర్ల చువ్వలతో కొత్తగా అల్లించండి. ఇంజను పళ్ళచక్రాన్ని ఎలా బిగిస్తారన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కిట్టులో వచ్చే పద్ధతిలో చువ్వల లోపల ఒక రబ్బరు బిళ్ళ, బయట ఒకటి పెట్టి తొమ్మిది బోల్టులతో పళ్ళచక్రాన్ని చువ్వలకే నొక్కుతారు. లాగుడంతా చువ్వల మీద పడుతుంది, చక్రం బెండు పోతుంది, పళ్ళచక్రం ఊగుతుంది. హబ్బు చుట్టూ రెండు ముక్కలుగా బిగించుకునే అల్యూమినియం బిగింపు దొరుకుతుంది. హబ్బు మధ్య వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిచి, ఆ కొలతకు చేసినదే తెప్పించండి. ఇంజను గొలుసు ఎడమ వైపు వస్తుంది, మీ వెనక్కి తొక్కే బ్రేకు చేయీ ఎడమ వైపే ఉంటుంది. రెండూ తగలకుండా ఆ చేతిని కొద్దిగా బయటికి వంచాల్సి రావచ్చు.

నా అనుభవం చెబుతానన్నాను. నేను కట్టిన రెండో బండికి కిట్టులో వచ్చిన బిగువు చక్రాన్ని, అంటే గొలుసు వదులు కాకుండా నొక్కి ఉంచే చిన్న చక్రాన్ని, వెనుక గొట్టానికి ఒక్క బోల్టుతో కట్టాను. పళ్ళచక్రం కొంచెం ఊగుతూ ఉండేది, చూసీ ఊరుకున్నాను. ఇరవై మైళ్ళ వేగంలో గొలుసు ఆ బిగువు చక్రాన్ని పక్కకు లాగింది, అది గొట్టం మీద తిరిగి నేరుగా చువ్వల్లోకి దూరింది. వెనుక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోయింది. రోడ్డు ఖాళీగా ఉంది కాబట్టి మోచేయి, మోకాలి చర్మం ఊడడంతో సరిపోయింది. వెనుక కారు ఉండి ఉంటే ఈ జవాబు రాసేవాడిని కాను. అప్పటి నుంచి నా పద్ధతి ఇది. మొదట వెనుక ఇరుసును దాని గాడిలో జరిపి ఇంజను గొలుసును సరిగ్గా బిగిస్తాను, బిగువు చక్రం అవసరమే లేకుండా. అయితే ఇరుసు ఒకటే, గొలుసులు రెండు. ఇంజను గొలుసు సరిపోయిన చోట పెడలు గొలుసు వదులవుతుంది. దానికి గొలుసు పొడవును సగం మేర మార్చే అర లింకు వేసి సరిచేస్తాను. రెండు మూడు సాయంత్రాలు పట్టే పని, విసుగ్గానూ ఉంటుంది. అయినా దీనిని తొందరపడి ముగించకండి. తప్పనిసరై బిగువు చక్రం పెట్టాల్సి వస్తే దానిని ఇంకో చోట కూడా బిగించి, తిరగడానికి వీలు లేకుండా చేయాలి.

క్రాంకు మీ బండికి ఒకే ముక్కగా ఉంటుంది. మీ రాష్ట్రంలోని అష్టబ్యూలా ఊరి పేరుతోనే దానిని పిలుస్తారు. ఇంజను పక్కలు పెడళ్ళకు తగిలితే వెడల్పైన క్రాంకు కొనుక్కోవచ్చు.

మధ్యలో ఉన్న ఆ డబ్బా అలంకారం. లోపల హారను, బ్యాటరీలు పెట్టుకోవడానికి రెండు రేకులు కలిపి చేశారు. అతుకుల్లోంచి పెట్రోలు కారుతుంది, కింద వేడి సైలెన్సర్ ఉంటుంది. పెట్రోలుకు వేరే ట్యాంకు పెట్టి, ఈ డబ్బాలో పనిముట్లు, ఒక ట్యూబు పెట్టుకోండి.

ఇప్పుడు కిట్టు ఎందుకు వాపసు పంపమన్నానో చెబుతాను. "80 సీసీ" అని అమ్మే ఆ ఇంజను సిలిండరు వ్యాసం 47, పిస్టను నడక 38 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 66 సీసీ వస్తుంది. ఒహాయో చట్టం మోటరైజ్డ్ బైసికిల్ అనడానికి పెట్టిన హద్దులు మూడు: ఇంజను 50 సీసీ దాటకూడదు, శక్తి ఒక హార్స్‌పవర్ దాటకూడదు, చదును రోడ్డు మీద గంటకు 20 మైళ్ళు దాటకూడదు. 66 సీసీ బిగిస్తే చట్టం దృష్టిలో మీది మోటరైజ్డ్ బైసికిల్ కాదు. కాలిఫోర్నియాలో హద్దు 4 హార్స్‌పవర్ లోపు, 30 మైళ్ళు. అందుకే అక్కడివాళ్ళు చెప్పే సలహాలు మీకు పనికిరావు. 48 సీసీ కిట్టు కూడా శక్తి ఒక హార్స్‌పవర్ లోపే ఉందని కాగితం మీద చూపితేనే కొనండి. ఇంజను మీద అమెరికా ఉద్గారాల ధ్రువీకరణ చీటీ ఉండాలి. అది లేని ఇంజనును అమ్మనే కూడదు. కొనడానికి ముందు వాహనాల రిజిస్ట్రేషను ఆఫీసుకు వెళ్ళి, ఇంట్లో కట్టిన బండికి నంబరు ఇవ్వడానికి ఏమేమి కాగితాలు అడుగుతారో రాయించుకుని రండి. వాళ్ళ జవాబు నిరాశపరిస్తే ఖర్చు పెట్టకముందే తెలిసినట్టవుతుంది.

20 మైళ్ళు తక్కువనుకోకండి. ముందు 10 పళ్ళు, వెనుక 44 పళ్ళు ఉన్న మామూలు కిట్టులో ఆ వేగానికే ఇంజను నిమిషానికి దాదాపు 4,700 చుట్లు తిరుగుతుంది. దానికి అది హాయైన నడక. వెనుక పళ్ళు పెంచితే ఇంకా నెమ్మదిగా, ఎత్తులు తేలిగ్గా ఎక్కుతుంది.

నూనె కలపడం మీకు కొత్త కాదు. బంకులో లూనాకు ఆయిల్ కలిపి పోయించుకున్న ఇంటివారు. కొత్త ఇంజనుకు మొదట 20కి 1 పాలు, అంటే గ్యాలనుకు దాదాపు 190 మిల్లీలీటర్లు. ఇంజను సర్దుకున్నాక 32కి 1, గ్యాలనుకు సుమారు 120. తయారీదారు కాగితం ఇంకో అంకె చెబితే దానినే పాటించండి. మొదటి ఇరవై మైళ్ళు నడిపాక ప్రతి నట్టునూ మళ్ళీ బిగించాలి. సిలిండరు మూత నట్లను ఇంజను చల్లారాక, ఎదురెదురుగా కొంచెం కొంచెం చొప్పున బిగించండి.

ఆఫీసుకు రోజూ ఏడు మైళ్ళు దీని మీద వద్దు. కార్లు 45 మైళ్ళ వేగంతో పోయే రోడ్డు మీద 20 మైళ్ళ బండి వెళ్ళడం, సాయంత్రం చీకట్లో తిరిగి రావడం, ఒహాయో చలికాలం, ఇవన్నీ కలిపి చెబుతున్నాను. ఆదివారం పొద్దున కాలనీ రోడ్ల మీద నడపడానికి ఇంతకంటే ఆనందమిచ్చే బండి లేదు. ఆఫీసుకే కావాలంటే 750 వాట్ల లోపు కంపెనీ విద్యుత్ సైకిల్ కొనుక్కోండి, ష్విన్‌ను దాని మానాన ఉండనివ్వండి.

మీ ఆవిడ వద్దనడం నాకు సబబుగానే తోచింది. ఆమె ముందు ఉన్నది బ్రేకు లేని పాత సైకిల్, పెట్టెలో ఒక ఇంజను. మాటలతో ఒప్పించే ప్రయత్నం చేయకండి. ముందు డ్రమ్ము బ్రేకు, కొత్త చువ్వలు, కొత్త టైర్లు వేసి, ఇంజను లేకుండా ఒక నెల నడపండి. ఆమెను కూడా తొక్కి చూడమనండి, పల్లంలో బ్రేకు పట్టి చూడమనండి. అప్పటికీ వద్దంటే నాకు మళ్ళీ రాయండి. ఆమె అభ్యంతరం ఏమిటో ఆమె మాటల్లోనే రాయించండి, దానికి విడిగా జవాబు ఇస్తాను.

ఈలోగా దారం కట్టి కొలవండి. సీటు గొట్టానికి ఎడమ వైపు ఎన్ని మిల్లీమీటర్లు, కుడి వైపు ఎన్ని, టైరు మీద ఏమి రాసి ఉంది, వెనుక ఎడమ గాడి మీద ఉన్న నంబరు ఏమిటి. ఈ నాలుగూ పంపితే ఏ ఫోర్కు, ఏ హబ్బు, ఎన్ని చువ్వలు కొనాలో వివరంగా రాస్తాను.